అమ్మకి రక్తం 7.4, నోరు మంట, ముట్టు ఆగిన మూడేళ్ళకి మళ్ళీ ఎరుపు. పరిశోధనలో చేర్పించాలా?

ఉద్దానం అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు వైపు పల్లె. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకి 54 ఏళ్ళు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి చాలా ఏళ్ళు వెళ్ళింది, ఇప్పుడు ఓపిక లేక మానేసింది.

పోయిన నెల మా ఊళ్ళో క్యాంపు పెట్టారు. ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు పరిశోధన కోసం వచ్చారట. 30 దాటిన ఆడవాళ్ళకి నోరు, రక్తం, గర్భసంచి ముఖద్వారం మూడూ చూసి రాసుకుంటున్నారు. అమ్మకి వేలు గుచ్చి చూస్తే రక్తం (హిమోగ్లోబిన్) 7.4 వచ్చింది. నోరు చూసిన డాక్టరమ్మ అంగిలి మీద టార్చి వేసి చాలాసేపు చూసిందట. అమ్మ చిన్నప్పట్నుంచి అడ్డపొగ తాగుతుంది, చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని. మూడో పరీక్షకి బల్ల ఎక్కమంటే మాత్రం లేచి వచ్చేసింది. "సచ్చినా ఎక్కను, ఈ వయసులో నాకేటి ఈ సిగ్గు" అంది.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు దడి వెనకాల పాత చీర పేలికలు ఆరేసి ఉన్నాయి. ఎందుకని అడిగితే చెప్పలేదు. రాత్రి పక్కన పడుకుని మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పింది. ముట్టు ఆగి మూడేళ్ళయింది, నాలుగు నెలల్నుంచి మళ్ళీ కొంచెం కొంచెం ఎరుపు కనబడుతోందట. ఆశా అక్కకి కూడా చెప్పలేదు.

ఊళ్ళో డాక్టరు ఏడాదిగా నోటి మంటకి బీ కాంప్లెక్స్, నీరసానికి రక్తం టానిక్ ఇస్తున్నాడు. క్యాంపు వాళ్ళు వచ్చే వారం మళ్ళీ వస్తారట, నాలుగు పేజీల ఫారం ఇచ్చి వెళ్ళారు. అమ్మ చేత వేలిముద్ర వేయించి ఆ మూడో పరీక్ష చేయించనా? అందులో బాగానే ఉందని వస్తే ఇక భయం లేనట్టేనా?

స్టాఫ్ నర్సు, 22 ఏళ్ళ సర్వీసు

చెల్లీ, వచ్చే వారం దాకా ఆగకు. ఈ రెండు మూడు రోజుల్లోనే గైనిక్ ఓపీకి తీసుకెళ్ళు. శ్రీకాకుళం పెద్దాసుపత్రి అయినా సరే, విశాఖ కేజీహెచ్ అయినా సరే. ఫారం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే క్యాంపులో చేసేది స్క్రీనింగ్. అది ఏ బాధా లేనివాళ్ళ కోసం. ముట్టు ఆగాక ఎరుపు కనబడిన మనిషికి స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ కావాలి. క్యాంపుల్లో మామూలుగా 'వయా' చేస్తారు. ముఖద్వారానికి 3 నుంచి 5 శాతం ఎసిటిక్ యాసిడ్, అంటే మన వెనిగర్ లాంటిది, పూసి ఒక నిమిషం ఆగి తెల్లబడిందా అని చూస్తారు. ముట్టు ఆగినవాళ్ళలో జబ్బు మొదలయ్యే ఆ అంచు గర్భసంచి దారి లోపలికి జరిగిపోతుంది. పైనుంచి చూస్తే కనబడదు. అందుకే మీ అమ్మకి వయా బాగానే ఉందని వచ్చినా దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. స్పెక్యులం, అంటే దారి తెరిచి పట్టే పరికరం, పెట్టి కళ్ళతో చూడాలి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపాలి. గర్భసంచి లోపలి పొర మందం స్కానింగ్‌లో చూడాలి, ఎందుకంటే ఎరుపు అక్కడినుంచి కూడా రావచ్చు.

రక్తం గురించి. గర్భిణి కాని ఆడవాళ్ళకి 12 ఉండాలి, 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. మన దగ్గర సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం. అందుకే అందరూ "మా ఊళ్ళో అందరికీ ఇంతే" అనేస్తారు, లోపల రక్తం పోతున్న మనిషి ఆ మాట చాటున దాగిపోతుంది. నేను క్యాన్సర్ వార్డులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. రెండేళ్ళు టానిక్ తాగి, చివరికి స్ట్రెచర్ మీద వచ్చేవాళ్ళు. దేవుడి దయవల్ల అది కాకపోయినా రక్తం ఎక్కడినుంచి పోతోందో తెలియాలి. ఒకవేళ అదే అయినా, రేడియేషన్ సాగాలంటే హిమోగ్లోబిన్ 10 దాకా ఉండేలా డాక్టర్లు చూస్తారు, కాబట్టి రక్తం పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

మీది ఉద్దానం, అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, కూడా చేయించు. కిడ్నీ దెబ్బతిన్నా రక్తం తగ్గుతుంది, అప్పుడు ఐరన్ ఒక్కటే సరిపోదు.

సిగ్గు విషయం: లేడీ డాక్టరు ఉండే రోజు అడిగి వెళ్ళు. నువ్వు తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకో. మోకాళ్ళ మీదుగా దుప్పటి కప్పమని అడుగు, మేం కప్పుతాం. ఐదు నిమిషాల పని.

డెంటల్ పీజీ, రెండో ఏడు

అక్కా, నర్సమ్మగారు చెప్పింది ముందు చెయ్యండి. నోటి గురించి నాకు తెలిసింది చెప్తాను.

అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి ఎండిన చెరువు మట్టిలా తెల్లగా బీటలు వారి, మధ్యలో ఆవగింజంత ఎర్ర చుక్కలు తేలి ఉంటుంది. మన శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది పల్లెవాళ్ళ నోళ్ళు చూసి 1971లో పేపరు వేశారు, మా పాఠాల్లో ఇప్పటికీ చెప్తారు. తెల్లగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. చుట్ట మానేస్తే చాలామందికి ఆ తెలుపు తగ్గుతుంది. కానీ అంగిలి మీద ఎర్రటి మచ్చ, మానని పుండు, గట్టిపడిన చోటు ఉంటే అక్కడా ముక్క తీయాలి. అమ్మని అద్దం ముందు నోరు తెరవమని, ఫోన్ లైటుతో మీరూ ఒకసారి చూడండి.

మంట వేరే సంగతి కావచ్చు. నాలుక మీద గరుకు పోయి నున్నగా, ఎర్రగా ఉందా? పెదాల మూలలు చీలుతున్నాయా? అన్నం గొంతులో ఆగుతున్నట్టు ఉంటోందా? ఇవి ఐరన్ లోటుకి నోట్లో కనబడే గుర్తులు. రక్తం పోతూ ఉంటే ఏడాది బీ కాంప్లెక్స్ మింగినా మంట తగ్గదు.

హైదరాబాద్ నుంచి, క్లినికల్ రీసెర్చ్‌లో పని

ఫారం గురించి రెండు మాటలు. అమ్మ చదవలేరు కాబట్టి ఎవరో ఒకరు తెలుగులో మొత్తం చదివి వినిపించాలి, వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధన బృందానికి చెందని సాక్షి ఉండి సంతకం పెట్టాలి. పరిశోధనలో చేరినవాళ్ళకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఫారంలో ఉండాలి. వద్దంటే మామూలు వైద్యం ఆగదని రాసి ఉండాలి. తేడా దొరికితే తర్వాతి పరీక్ష ఎక్కడ, ఖర్చు ఎవరిది అని సూటిగా అడగండి.

ఇంకోటి, అందరికీ పరీక్ష చేస్తారా, సగం మందికేనా? మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 1,31,746 మంది ఆడవాళ్ళని నాలుగు గుంపులు చేశారు, ఫలితాలు 2009లో వచ్చాయి. హెచ్‌పీవీ, అంటే ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్, ఉందా అని పరీక్షించిన గుంపులో 34,126 మంది ఉంటే ముఖద్వార క్యాన్సర్‌తో 34 మంది పోయారు. పరీక్ష చేయని గుంపులో 31,488 మందికి 64 మంది. ఆ లెక్కల వల్లే ఇప్పుడు హెచ్‌పీవీ పరీక్షకి ఇంత విలువ. కానీ ఆ 64 మందిని తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. మన అమ్మ ఏ గుంపులో పడుతుందో అడిగే హక్కు మనకుంది.

ఉద్దానం అమ్మాయి

నిన్న తీసుకెళ్ళాను. నాలుక మీరు చెప్పినట్టే నున్నగా ఉంది, మూలలు కూడా చీలాయి, నేనింతవరకూ గమనించనేలేదు. లేడీ డాక్టరే చూసింది. ముఖద్వారం మీద చిన్న పుండులా ఉంది, ముట్టుకుంటే రక్తం వస్తోంది అంది. ముక్క తీశారు, రిపోర్టు పది రోజులంటున్నారు. క్రియాటినిన్ 0.9, అది బాగానే ఉంది. రక్తం ఒక సీసా ఎక్కించి, ఐరన్ సెలైన్‌లో పెడతామన్నారు. అంగిలి కోసం సోమవారం డెంటల్‌కి రమ్మన్నారు.

దిగాక అమ్మ "ఇంతేనా, దీనికా నాలుగు నెల్లు దాచాను" అంది. నాకు ఏడుపొచ్చింది. రిపోర్టు తేడాగా వస్తే వెంటనే ఏం చెయ్యాలి?

స్టాఫ్ నర్సు, 22 ఏళ్ళ సర్వీసు

మంచి పని చేశావు. తేడాగా వస్తే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నీకు దగ్గరే. రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకు. ముక్క తాలూకు స్లైడ్లు, ముక్కని దాచి ఉంచిన మైనం బ్లాకు కూడా ల్యాబులో అడిగి తీసుకో, అక్కడ మళ్ళీ చూస్తారు. అవి లేకపోతే ఇంకోసారి ముక్క తీయాల్సి వస్తుంది. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పెట్టుకో, ఆరోగ్య పథకం కౌంటర్లో అడుగుతారు. ఆ పది రోజుల్లో ఎరుపు ఎక్కువైతే, కళ్ళు తిరిగితే, రాత్రయినా సరే 108కి ఫోన్ చెయ్యి.