పేరితా, పేరీతా?

కొండకింద: మా తాతది తిరుపతి పక్క పల్లె. వేసవిలో కొండకు నిప్పంటుకుంటే ఒక మాట అనేవాడు, "కొండ కాలినా పేరిత..." అని. పేరిత అంటే అక్కడి కొండల్లో ఈతలా కనిపించే చెట్టు. తర్వాతి ముక్క గుర్తు రావడం లేదు. ఎవరైనా విన్నారా?

నిఘంటువు పురుగు: ముందు అది పేరీత. పేర్ + ఈత, పెద్ద ఈత. పేరోలగం, పేరురం లాంటిదే. "రి" అని పొట్టి చేస్తే ఈత ఎగిరిపోతుంది.

ఎర్రనేల: పెద్దదా? శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో నేను చూసినవి చాలావరకు నా భుజం దాటలేదు. అసలు ఈతే కాదు, సైకాస్ అనే వేరే కుటుంబంలో ఒక రకం. ఈతాకు మొదట్లో దోనెలా పైకి మడత పడుతుంది. దీనికి అంచులు కిందికి చుట్టుకుంటాయి, నడుమ ఒకటే ఈనె. శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండలు దాటితే అడవిలో ఇంకెక్కడా మొలవదు.

నిఘంటువు పురుగు: పల్లెవాళ్లు బోటనీ చదివి పేర్లు పెట్టరు కదండీ.

సరిహద్దువాసి: తమిళులు ఖర్జూరాన్ని పేరీచ్చం అంటారు. మన ఈతకు వాళ్ల ఈచ్చం చుట్టమే. మాట అటునుంచి కొండెక్కిందేమో.

నిఘంటువు పురుగు: తిరుపతిలో ఏ మాట దొరికినా అటునుంచే రావాలా?

పాటపిచ్చి: అన్నమయ్య "పదివేల శేషుల పడగల మయము" అన్నది ఈ చెట్లు చూసేనని నా అనుమానం. నడినెత్తిన ఆకులు విప్పితే అచ్చం పడగే.

ఎర్రనేల: ఆయన అన్నది శిఖరాలను.

పాటపిచ్చి: శిఖరాలని ఆ పల్లవిలో ఎక్కడుందో చూపించండి.

కొండకింద: మా తాత మాట...

ఎర్రనేల: "పేరిత చావదు" అయ్యుంటుంది. గడ్డి తగలబడ్డాక మొద్దు బొగ్గులా నల్లబడుతుంది, మళ్లీ దాని నెత్తినే లేతాకులు లేస్తాయి. మంటకు ఓర్చుకుంటుంది గానీ కత్తికి కాదు. ఇందులో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మందు కోసం మగ చెట్టు శంకువు నరికేస్తే ఆడ చెట్టుకు పుప్పొడి ఎక్కడిది? సైటిస్ (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) మొదటి జాబితాలో పెట్టి విదేశీ వ్యాపారం ఆపారు, నరుకుడు ఇక్కడే కదా.

కొండకింద: "చావదు" కాదండీ, ప్రాస కుదిరేది.

నిఘంటువు పురుగు: అయితే "కొండ"కు "ండ" పడాలి. ఎండదు? మండదు?

పాటపిచ్చి: దాన్ని కొండీత అని కూడా అంటారుగా, ప్రాస అక్కడే ఉంది!

నిఘంటువు పురుగు: కొండీతా, కొండయీతా?