అప్‌డేట్: జాంజిబార్ తలుపుల ఫొటోలు వాలిపోతున్న సమస్య తీరింది

టాంజానియాలోని జాంజిబార్ దీవిలో పాత పట్టణమైన స్టోన్ టౌన్ సందుల్లో తీసిన తలుపుల ఫొటోల్లో ద్వారబంధం పైకి పోయేకొద్దీ ఎందుకు సన్నబడుతోందని అడిగాను కదా. మీరన్నట్టు తప్పు లెన్స్‌ది కాదు, ఫోన్ పైకి వంచడానిది. ఫోన్‌ని తలుపు సగం ఎత్తులో, గోడకు సమాంతరంగా పట్టుకుంటే గీతలు నిటారుగా వస్తున్నాయి. సందు ఇరుకై వెనక్కి జరగలేకపోతే 0.5ఎక్స్ (ఫోన్‌లోని అల్ట్రావైడ్ లెన్స్) తప్పదు. అప్పుడు చుట్టూ ఖాళీ వదలాలి, ఎందుకంటే ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో పర్‌స్పెక్టివ్ (గీతల వాలు) సరిచేస్తే అంచులు కోతపడతాయి.

తలుపుల మీది ఇత్తడి బుడిపెలు ఫొటోలో తెల్లగా మాడిపోవడానికి కారణం నల్లటి చెక్క. దాన్ని చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది. బుడిపె మీద నొక్కి ఫోకస్ పెట్టి, ఎక్స్‌పోజర్ -0.7కి దించితే చాలు. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు.

పనిలో పనిగా ఇంకోటి తెలిసింది. ద్వారబంధం పైకమ్మి చదరంగా ఉంటే అరబ్ శైలి, కమానుగా ఉంటే భారతీయ శైలి అంటారు. బుడిపెలు మన కోట తలుపులకు ఏనుగుల్ని ఆపడానికి కొట్టినవే. జాంజిబార్‌లో యుద్ధపుటేనుగులెక్కడివి, అక్కడ అది ఉత్త దర్జా! రెండు రెక్కల మధ్య నిలువు కమ్మి చెక్కడాన్ని విడిగా, దగ్గర నుంచి తీయండి.