ఒలింపిక్స్‌లోకి ప్రొఫెషనల్స్ రావచ్చా? 2028 క్రికెట్, బాక్సింగ్ మీద మీ అనుభవాలు చెప్పండి

బాల్కనీ టికెట్:
2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ ఉంది. టీ20, మగవాళ్లవి ఆరు జట్లు, ఆడవాళ్లవి ఆరు. ఐపీఎల్‌లో కోట్లు తీసుకునేవాళ్లనే అక్కడికీ పంపాలా, లేక ఫుట్‌బాల్‌లో లాగా 23 ఏళ్ల లోపువాళ్లు, పైన ఇంకో ముగ్గురు అని పెట్టాలా? హాంగ్‌జౌ ఆసియా క్రీడలకి కుర్రాళ్లే వెళ్లారు. మన తిలక్ వర్మ సెమీస్‌లో బంగ్లాదేశ్ మీద 26 బంతుల్లో 55 నాటౌట్ కొట్టాడు, బంగారం వచ్చింది. నాకైతే ఏ వెలితీ కనిపించలేదు. అలాగే బాక్సింగ్‌లో ప్రొఫెషనల్స్‌ని రానివ్వడం సబబేనా? రెండిటి మీదా చెప్పండి.

రింగు పక్కన నాన్న:
క్రికెట్ సంగతి నాకు తెలియదు, బాక్సింగ్ గురించే చెప్తా. 2016లో రియోకి రెండు నెలల ముందు ప్రొఫెషనల్స్‌కి తలుపు తెరిచారు. అప్పటికి మావాడికి 17 ఏళ్లు, 56 కిలోలు. ఆ ఏడాదే ఒక ఓపెన్ టోర్నీలో పదేళ్లుగా డబ్బు బౌట్లు ఆడుతున్న మనిషితో జత కట్టారు. రెండో రౌండ్‌లో కనుబొమ్మ చీలింది, నాలుగు కుట్లు పడ్డాయి. నిర్వాహకుల్ని అడిగితే "ఓపెన్ అంటే ఓపెనే కదండీ" అన్నారు. వాడి చొక్కా మీద రక్తం వాళ్లమ్మ మూడుసార్లు ఉతికినా పోలేదు. పన్నెండు రౌండ్లు కొట్టుకునేవాళ్లని మూడు రౌండ్ల పిల్లల మీదికి వదలడం తప్పు, ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

కోచ్ 22 ఏళ్లు:
అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ రియోలో ఏం జరిగిందో కూడా చూడండి. 22 ఏళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను, పటియాలా క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా ఉంది, ఊరికే మాట్లాడటం లేదు. అప్పుడు వచ్చిన ప్రొఫెషనల్స్ ముగ్గురే: థాయ్‌లాండ్ అమ్నాత్, కామెరూన్ ఎన్‌దామ్, ఇటలీ తొమ్మాసోనె. ఒక్కరికీ పతకం రాలేదు, ఎన్‌దామ్ మొదటి బౌట్‌లోనే ఇంటికెళ్లాడు. మన వికాస్ క్రిషన్ ప్రొఫెషనల్‌గా ఆడి తిరిగొచ్చి టోక్యోలో మొదటి బౌట్‌లోనే ఓడాడు. మూడు రౌండ్లంటే మొత్తం తొమ్మిది నిమిషాలు. గంట కొట్టిన క్షణం నుంచి కొట్టాలి, నిదానంగా వేడెక్కే టైమ్ ఉండదు. అసలు ఆటంటే మన పాత ఫుట్‌బాలే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కోచ్ రహీం సాబ్ జట్టు నాలుగో స్థానం తెచ్చింది, అందరూ అచ్చమైన అమెచ్యూర్లు, అంటే ఆటకి డబ్బు తీసుకోనివాళ్లు. ఆ నిజాయితీ ఇప్పుడు ఎక్కడుంది?

ఫతేమైదాన్ మనవడు:
ఆ నాలుగో స్థానానికి పైన ఎవరున్నారో కూడా చెప్పండి సార్. సోవియట్, యుగోస్లావియా, బల్గేరియా. మూడు దేశాల్లోనూ ఆటగాళ్లని ప్రభుత్వమే పోషించేది, కాగితం మీద మాత్రం సైనికుడనో ఉద్యోగి అనో రాసేవాళ్లు. పశ్చిమ యూరప్‌లో మంచి ఆటగాళ్లు క్లబ్బుల్లో బాహాటంగా జీతం తీసుకుంటున్నారని వాళ్లని రానివ్వలేదు. మనం సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0 ఓడాం. అమెచ్యూర్ రూలు మనకి చేసిన మేలేం లేదు.

లెక్క తేలాలి:
మరి మనవాళ్లు? హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టింది. ఆ ఆటగాళ్లకి జీతం ఇచ్చింది ప్రభుత్వం కాదా? రష్యావాడికి సైన్యం జీతం ఇస్తే మోసం, మనవాడికి పోలీసు జీతం ఇస్తే నిజాయితీనా?

ఫతేమైదాన్ మనవడు:
మాటలు జాగ్రత్త. మా తాత ఇంకో డిపార్ట్‌మెంట్ జట్టులో హాఫ్‌బ్యాక్, ఆ పోలీస్ జట్టు మీద ఆడినవాడు. పొద్దున డ్యూటీ, సాయంత్రం ప్రాక్టీస్. మడమ దగ్గర పగిలిన బూటుకి సైకిల్ ట్యూబు ముక్క కట్టుకుని ఆడాడు. ఆ జీతం యూనిఫాంకి, ఆటకి కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్లని మోసగాళ్లనడానికి మీకు నోరెలా వచ్చింది?

లెక్క తేలాలి:
నేను కంప్యూటర్ ముందు పుట్టలేదు. పదేళ్లు మా ఊరి జట్టుకి కబడ్డీ ఆడాను, రైడర్‌ని. పొద్దంతా నాట్లేసి, సాయంత్రం మోకాళ్ల దాకా బురద కడుక్కుని కోర్టులోకి దిగేవాళ్లం. జిల్లా అమెచ్యూర్ పోటీ అంటే వెళ్లాం. ఫైనల్లో ఎదురొచ్చింది స్పోర్ట్స్ కోటా జట్టు, ఏడాది పొడుగునా వాళ్లకి ఆటే డ్యూటీ. 41-12. వాళ్లూ అమెచ్యూర్లే, మేమూ అమెచ్యూర్లే అని ఒకే సర్టిఫికెట్ ఇచ్చారు. వాళ్లకి జీతం ఉందని నాకు ఏడుపు లేదు, ఆ జీతం కనబడనట్టు రాశారే, అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

షటిల్ అమ్మ:
ఫుట్‌బాల్ కాస్త ఆపండి. మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం తెచ్చేనాటికి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ఉద్యోగి. రియో రజతం తర్వాత సింధుకి తెలంగాణ 5 కోట్లు, ఆంధ్ర 3 కోట్లు ప్రకటించాయి, తర్వాత డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం కూడా వచ్చింది. ఇవేవీ ఉండకూడదంటే ఆడపిల్లని ఆటకి ఎవరు పంపుతారు? మా అమ్మాయి ప్రాక్టీస్‌కి పన్నెండు షటిళ్ల డబ్బా రెండు రోజులు కూడా రాదు. డబ్బు ముట్టుకోకుండా ఆడమని చెప్పగలిగేది ఇంట్లో దండిగా ఉన్నవాళ్లే.

డాలస్ బాబాయ్:
అమ్మా, మీరన్నదే ఈ రూలు పుట్టుక. ఇంగ్లండ్‌లో హెన్లీ పడవ పోటీలకి కూలికి చేతిపని చేసినవాడు పనికిరాడని రాసుకున్నారు. 1920లో అమెరికా నుంచి జాక్ కెల్లీ వస్తానంటే ఎంట్రీ ఇవ్వలేదు. ఆయన ఇటుకలు పేర్చిన మేస్త్రీ. అదే ఏడాది ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో హెన్లీ విజేతనే ఓడించి బంగారం పట్టుకెళ్లాడు. చేతులు కాయలు కాసినవాడు పెద్దమనుషుల పక్కన కూర్చోకూడదు అనడం మన ఊళ్లలో ఎరగని సంగతా? అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్‌ది ఇంకా ఘోరం. 1912లో రెండు బంగారాలు గెలిచాడు, అంతకుముందు వేసవుల్లో కొద్దిపాటి డబ్బుకి బేస్‌బాల్ ఆడాడని మరుసటి ఏడు లాక్కున్నారు. 1953లో పోయాడు. ఏకైక విజేత అని మళ్లీ రాసింది 2022లో.

కోచ్ 22 ఏళ్లు:
థోర్ప్ కథ బానే ఉంది గానీ 1992 బార్సిలోనా గుర్తుందా? జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్ లాంటి ప్రొఫెషనల్స్ ఉన్న అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు అంగోలాని 116-48తో కొట్టింది. దాన్ని పోటీ అంటారా?

డాలస్ బాబాయ్:
పన్నెండేళ్లు ఆగి చూడండి సార్. 2004లో అదే అమెరికాని ప్యూర్టోరికో 92-73తో కొట్టింది, బంగారం అర్జెంటీనా తీసుకుంది. గొప్పవాళ్లతో ఆడితేనే గొప్పవాళ్లవుతారు.

రింగు పక్కన నాన్న:
బాస్కెట్‌బాల్‌లో 68 పాయింట్ల తేడాతో ఓడితే ఎవరికీ కుట్లు పడవు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి. కోచ్ గారూ, మీరు గెలుపోటములు చెప్పారు గానీ, దెబ్బ తగిలితే పిల్లాడి గతేంటో చెప్పలేదు.

బాల్కనీ టికెట్:
క్రికెట్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 1998లో జట్టుని రెండుగా చీల్చి సచిన్, కుంబ్లే, లక్ష్మణ్‌లని కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలకీ, మన అజహర్ వాళ్లని పాకిస్తాన్‌తో వన్డే సిరీస్‌కి టొరంటోకీ పంపారు. కౌలాలంపూర్‌లో సెమీస్‌కి వెళ్లలేదు, టొరంటోలో పాకిస్తాన్ చేతిలో 4-1తో ఓడాం. 2028లో ఎవరిని పంపినా సరే, మనసు పెట్టి ఒక్క జట్టు పంపమనే నా మనవి.

ఫతేమైదాన్ మనవడు:
లెక్క గారూ, మీ కబడ్డీ మాట చదివాక రాత్రి తాత సర్వీస్ పుస్తకం బయటికి తీశాను. టోర్నీకి బొంబాయి వెళ్లిన రోజులన్నీ సిరాతో "డ్యూటీ" అనే రాసి ఉన్నాయి. అంటే ఆటకీ జీతం ఉన్నట్టే, ఆ మాట మీరన్నదే కరెక్ట్. నోరెలా వచ్చింది అన్నందుకు క్షమించండి. కానీ తాత దేన్నీ దాచలేదు, ఆ పుస్తకం ఎవరడిగినా చూపించేవాడు.

లెక్క తేలాలి:
ఆ పేజీ ఫొటో పెట్టండి అన్నా. మా జట్టువాళ్లకి చూపించాలి.