నెల సరుకులు డిస్కౌంట్ సూపర్ మార్కెట్‌లోనా, వీధి అంగడిలోనా?

కొర్లగుంట కోడలు

మా ఇంట్లో ప్రతి నెలా మొదటి వారంలో వచ్చే గొడవ ఇది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మా వీధి చివరి అంగడిలోనే సరుకులు. చీటీ రాసి పంపితే సాయంత్రానికి అబ్బాయి సైకిల్ మీద తెచ్చి ఇచ్చి పోతాడు. ఇప్పుడు మా ఆయన జీతం పడగానే ఆదివారం బండి తీసి సూపర్ మార్కెట్‌కి పదమంటున్నారు. సబ్బులు, పేస్టు, టీ పొడి, నూనె, అన్నీ అక్కడ ఎమ్మార్పీ కన్నా తక్కువే. కాదనలేను. మా అత్తమ్మ మాత్రం "చేతిలో డబ్బుంటే అక్కడికి, నెలాఖరుకి అప్పు కావాలంటే ఇక్కడికా? అదేం పద్ధతి?" అంటుంది. ఆమె మాట నాకు గుచ్చుకుంటోంది.

తిరుపతి, చిత్తూరు వాళ్లు మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో చెప్పండి. నిజంగా లాభం ఎక్కడ? లాభం ఒక్కటే చూసుకోవచ్చా?

గిరింపేట టీచర్, చిత్తూరు

అక్కా, లాభం ఒక్కటే చూసుకున్నా తప్పు లేదు. జీతం మీద బతికే ఇంట్లో నెలకు కొన్ని వందలు మిగిలితే పిల్లల ఫీజుకో కరెంటు బిల్లుకో పనికొస్తాయి.

కానీ నేను సూపర్ మార్కెట్‌కి పోయేది ధర కోసమే కాదు. చిన్నప్పుడు మా పల్లెలో అంగడికి నన్నే పంపేవాళ్లు. మెట్టు కింద నిలబడాలి. పెద్దిళ్ల వాళ్లు వస్తే వాళ్లకు ముందు పొట్లాలు కట్టేవాడు, నేను ఆగాలి. వాళ్లకు పోసే కందిపప్పు ఒక గోతాంలోది, మాకు పోసేది ఇంకో గోతాంలోది. తీసుకునే డబ్బు మాత్రం ఒకటే. ఇప్పుడు బుట్ట పట్టుకుని లోపలికి పోతాను, ప్యాకెట్ తిప్పి తేదీ చూస్తాను, నచ్చకపోతే అక్కడే పెట్టేస్తాను. ఎవరింటి అమ్మాయివని నన్నెవరూ అడగరు. బిల్లు చేతికొస్తుంది. వీధి అంగడాయన పేరు పెట్టి పలకరిస్తాడని మురిసిపోయేవాళ్లు, ఎవరిని ఎలా పలకరిస్తాడో కూడా చెప్పాలి.

అంగడోళ్ల అబ్బాయి, ఎం.ఆర్.పల్లి

టీచర్ గారూ, మీరు రాసింది చదివితే బాధేసింది. అలాంటి అంగళ్లు ఉన్నాయి. వాటి తరఫున నేను మాట్లాడను. మా నాయన నడిపే అంగడి గురించి చెబుతాను.

తక్కువకు ఇవ్వాలని మాకూ ఉంటుంది. కంపెనీ సరుకు మాకు డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి వస్తుంది, ఆయనకు డిపో నుంచి వస్తుంది. చేయి మారిన ప్రతిచోటా ఎంతో కొంత మిగలాలి. పెద్ద సూపర్ మార్కెట్ నేరుగా కంపెనీతోనే మాట్లాడుకుని లారీల లెక్కన కొంటుంది. అందుకే కొన్ని సబ్బులు, బట్టల పౌడర్లు మాకు పడే ధర కన్నా అక్కడ అమ్మే ధరే తక్కువ. మేం ఎమ్మార్పీకి అమ్మితే జనం మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తారు. ఈ తేడా గురించే 2021 చివర్లో డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య కంపెనీలతో గట్టిగా పోట్లాడింది. పెద్ద సంస్థలకిచ్చే ధర మాకూ ఇవ్వకపోతే 2022 జనవరి నుంచి సహకరించేది లేదని చెప్పింది. ఆ తేడా ఈరోజుకీ పోలేదు.

2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. పెద్ద షాపులో కంప్యూటర్‌లో ధర మారిస్తే ఆ రోజు నుంచే కొత్త బిల్లు. మా అంగట్లో పాత ధర ముద్రించిన సరుకు అరల నిండా ఉంది. కొనేవాళ్లు తగ్గించమంటారు, అడగడం న్యాయమే. డిస్ట్రిబ్యూటర్ తేడా ఎప్పుడు సర్దుతాడో తెలియదు. ఆ వారాలు మా నాయన ఎంత టెన్షన్ పడ్డాడో నేను చూశాను.

మేం గట్టిగా నిలబడేది విడి సరుకులో. చింతపండు, ఎండుమిరపకాయలు, ధనియాలు, ఉద్దిపప్పు, బెల్లం, చెనిక్కాయలు, బొరుగులు. చింతపండు కొత్తదో పాతదో మా నాయన చేత్తో పట్టుకుని చెబుతాడు. బెల్లం చిత్తూరు మండీ నుంచి దిమ్మలుగా వస్తుంది, పాకానికి ఏది, పొంగలికి ఏది అని అడిగితే తీసి ఇస్తాడు. ఇలాంటివి మా దగ్గర ఎక్కువ పడవు. చాలాసార్లు తక్కువే.

2021 నవంబర్ వానలు గుర్తున్నాయా? మా వైపు వీధులన్నీ చెరువులైపోయినప్పుడు మోకాలి లోతు నీళ్లలో నేనూ మా తమ్ముడూ పాలపొడి, బియ్యం, కొవ్వొత్తులు మోసి ఇళ్లకు ఇచ్చాం. డబ్బులు తర్వాత చూసుకుందాం అని నాయన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ఇళ్లవాళ్లలో కొందరు ఇప్పుడు సూపర్ మార్కెట్ సంచులతో మా ముందు నుంచే పోతుంటారు. వాళ్లను తప్పు పట్టను. చూసినప్పుడు మాత్రం కష్టంగా ఉంటుంది.

తిరుచానూరు రోడ్డు

ఈ డిస్కౌంట్లన్నీ విదేశీ కంపెనీల పని. మొదట తక్కువకిచ్చి అంగళ్లు మూయించి, తర్వాత రేట్లు పెంచుతారు. మన డబ్బు మన ఊళ్లోనే తిరగాలి. బహిష్కరించాలి.

భవానీ నగర్ రిటైర్డ్ ఆడిటర్

విదేశీ అనే మాట దగ్గర ఆగుదాం. డిస్కౌంట్ అనగానే అందరికీ గుర్తొచ్చే డీమార్ట్ మన దేశం వాళ్లదే. రాధాకిషన్ దమానీ మొదటి షాపు 2002లో ముంబైలోని పొవాయ్‌లో తెరిచారు. 2017 మార్చిలో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. వాళ్లు తక్కువకు ఎలా ఇవ్వగలుగుతున్నారో చూడండి. చాలాచోట్ల భవనం సొంతం, కాబట్టి అద్దె బెడద లేదు. సరఫరాదారులకు డబ్బు తొందరగా కడతారు, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటారు. ఎక్కువగా కదిలే సరుకే పెడతారు, అలంకారాల మీద ఖర్చు పెట్టరు. ఇందులో కుట్ర ఏమీ లేదు, వ్యాపారం తెలిసి చేస్తున్నారు. పోటీగా నిలిచే అంగళ్లు బతికి ఉన్నంతకాలం ధర పెంచడం వాళ్లకూ సులభం కాదు. అంగళ్లు బతకాలని నేను కోరుకోవడానికి అదీ ఒక కారణం.

కొర్లగుంట అమ్మాయికి నేను చెప్పేది వేరే. ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించారో చూసి మురిసిపోవద్దమ్మా. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు, అంతే. దాన్ని ముద్రించేది కంపెనీయే. ఎక్కువ వేసి తగ్గించినా తగ్గింపే అవుతుంది. నువ్వు చూడాల్సింది కిలోకు ఎంత, గ్రాముకు ఎంత పడిందని. ఇప్పుడు నిబంధన ప్రకారం ప్యాకెట్ మీద ఆ ధర కూడా ముద్రించాలి, చిన్న అక్షరాల్లో ఎమ్మార్పీ దగ్గరలోనే ఉంటుంది. నూనె ప్యాకెట్లు చూడు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లీటరు ప్యాకెట్‌లానే కనపడుతూ 850, 800 గ్రాములే ఉన్నవీ అమ్ముతున్నారు. పక్కపక్కన పెట్టి కవరు చూసి తీసుకుంటే మోసపోతాం.

పన్ను సంగతి కూడా. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ ఉంది. కళ్లెదుట విడిగా తూచి ఇస్తే లేదు. బియ్యం మండీల్లో 26 కిలోల బస్తాలు ఎందుకు వచ్చాయనుకున్నారు? ఆ గీత దాటడానికే. కాబట్టి ప్యాకెట్ కందిపప్పు తగ్గింపులో వచ్చినా, విడిగా తూచిన కందిపప్పు దానికి దీటుగా ఉండటంలో వింత లేదు. నాణ్యత ఒకటే అయితేనే సుమా.

ఇంకొకటి, బుట్ట లోపలికి ఖాళీగా పోయి నిండుగా వస్తుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని తెచ్చిన నూడుల్స్, చాక్లెట్లు చీటీలో ఉండవు. బిల్లు కింద మీకు ఇంత మిగిలిందని రాస్తారు గానీ, అనుకోకుండా ఎంత కొన్నారో రాయరు.

కట్టమంచి ఆటో అన్న

పెద్దాయన లెక్కలన్నీ నిజమే. ఆ లెక్కలు నెల మొదట్లో చేతిలో డబ్బున్న ఇంటికి. నాకు ఏ రోజు సంపాదన ఆ రోజుదే. సాయంత్రం అంగడికి పోయి పావు కిలో పప్పు, యాభై రూపాయల నూనె, పది రూపాయల టీ పొడి తెస్తాను. అయిదు కిలోల ప్యాక్ మీద తగ్గింపు ఉంటే నాకేం? ఆర్టీవో పనికో, పాప జ్వరానికో డబ్బు పోయిన వారం అంగడాయన పుస్తకంలో రాసుకుని ఇచ్చాడు. వడ్డీ అడగలేదు. సూపర్ మార్కెట్‌లో మెషిన్ దగ్గర పది రూపాయలు తక్కువైతే ఒక సామాను తీసి పక్కన పెట్టాల్సిందే. మీరంతా పోయి అంగడి మూతపడితే, మీకు ఇంకో దారి ఉంది. మాకు లేదు. దయచేసి అది కూడా ఆలోచించండి.

గిరింపేట టీచర్, చిత్తూరు

అన్నా, మీ మాట కాదనలేను. మా నాన్న కూలికి పోయేవాడు, అప్పు పుస్తకం మాకూ ఉండేది. ఆ పుస్తకం ఉండబట్టే ధర ఎంత వేసినా, పుచ్చిన పప్పు ఇచ్చినా నోరు మెదపలేకపోయాం. వడ్డీ ఆ ధరలోనే ఉండేది. అప్పు ఇచ్చే అంగళ్లన్నీ అలాంటివని అనను. కానీ ఇచ్చేవాడి మంచితనం మీద బతకడం కన్నా, నా డబ్బుకు తగిన సరుకు నాకు హక్కుగా రావడం నాకు ముఖ్యం.

ఎం.ఆర్.పల్లి తమ్ముణ్ని సూటిగా అడుగుతున్నా. మీ అంగట్లో ధరలు రాసి పెడతారా? తక్కెడ ముల్లు, అదే ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటా అంకెలు, కొనేవాళ్ల వైపు కనపడతాయా? బిల్లు ఇస్తారా? ఈ మూడూ ఉంటే మా వీధి అంగడికి కూడా నేను మళ్లీ పోతాను.

అంగడోళ్ల అబ్బాయి, ఎం.ఆర్.పల్లి

అడగాల్సిన ప్రశ్నలే అక్కా. కాటాకు ఏటా తూనికల శాఖ ముద్ర వేయించుకోవాలి, మేం వేయిస్తాం, ఆ సర్టిఫికెట్ గల్లా పక్కనే ఉంటుంది. అంకెలు రెండు వైపులా కనిపించే కాటా తెచ్చాం. తూకంలో తేడా ఉందనిపిస్తే ఎవరైనా 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అంగడైనా సూపర్ మార్కెట్టైనా. బిల్లు అడిగినవాళ్లకే ఇస్తున్నాం ఇప్పటిదాకా. అందరికీ ఇవ్వమని నాయనతో నేనూ వాదిస్తున్నాను, ఆయన చీటీ మీద కూడిక వేసి ఇవ్వడానికే అలవాటు పడ్డాడు. విడి సరుకు ధరలు పలక మీద రాయడానికి మాత్రం ఆయన ఒప్పుకోవడం లేదు. రోజూ మారుతుంటాయి అంటాడు. మారితే రోజూ రాయాలి అని నేనంటాను. ఈ విషయంలో మీ వైపే ఉన్నాను.

కొర్లగుంట కోడలు

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు సంతోషం. రాత్రి మా ఆయనకూ అత్తమ్మకూ చదివి వినిపించాను. ఆడిటర్ గారు చెప్పినట్టు పాత బిల్లులు తీసి చూస్తే, చీటీలో లేనివి నిజంగానే చాలా ఉన్నాయి. మా ఆయన ఇంకేం అనలేదు.

ఇకనుంచి సబ్బులు, పేస్టు, బట్టల పౌడర్ లాంటి కంపెనీ సరుకు రెండు మూడు నెలలకు ఒకసారి సూపర్ మార్కెట్‌లో, చీటీ పట్టుకుని వెళ్లి. పప్పులు, చింతపండు, మిరపకాయలు, బెల్లం, చెనిక్కాయల నూనె మొత్తం అంగడిలో, అదీ నెల మొదట్లోనే, చేతిలో డబ్బు పెట్టి. అప్పుకు మాత్రమే గుర్తొచ్చే ఇల్లు మాది కాకూడదు. అత్తమ్మ దీనికి ఒప్పుకుంది, నెయ్యి ఎక్కడ కొనాలన్న దగ్గర ఇంకా తేలలేదు. టీచర్ గారి ప్రశ్నలు మా అంగడాయనను కూడా అడుగుతాను. ధరల పలక పెట్టమని నేనొక్కదాన్నీ అడిగితే వినకపోవచ్చు. మా వీధిలో వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీరూ అడగండి.