గర్భసంచి ఆపరేషన్‌కి మూడు వారాలు టైముంది, ఇంట్లో ఏమేం సర్దుకోవాలి?

అడిగినవారు: ఒంగోలు కుట్టుమిషన్

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు. ఒంగోలు పక్క పల్లె, ఇంట్లోనే బట్టలు కుడతాను. రెండేళ్లుగా డేట్ వస్తే పది పన్నెండు రోజులు ఆగట్లేదు, గడ్డలు గడ్డలుగా పోతోంది. స్కానింగ్‌లో గర్భసంచికి మూడు కణితులు ఉన్నాయన్నారు, పెద్దది 8 సెంటీమీటర్లట. ఏడాది పాటు బిళ్ళలు మింగాను. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలు. ఇప్పుడు సంచి తీసేయాలన్నారు. నా రెండు కాన్పులూ ఆపరేషన్లే, పైగా గడ్డ పెద్దది, అందుకని పొట్ట కోసే చేస్తామన్నారు. హిమోగ్లోబిన్ 7.8 ఉంది. అది పెరగాలని మూడు వారాలు గడువిచ్చారు.

డాక్టరమ్మ మంచావిడే. కానీ బయట యాభై మంది కూర్చుని ఉంటే నాకు నోరు పెగల్లేదు, తలూపి వచ్చేశాను. అండాశయాలు కూడా తీసేస్తారా? మా అత్తగారు మూడు నెలలు పప్పు, పెరుగు, వంకాయ ముట్టకూడదంటున్నారు, నిజమేనా? మిషన్ మళ్లీ ఎన్నాళ్లకు తొక్కొచ్చు? మా ఆయన లారీ మీద ఉంటారు, పది రోజులకోసారి వస్తారు. ఇంట్లో ఉండేది నేను, అత్తగారు, ఇంటర్ చదివే పాప. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: గుంటూరు నుంచి

చెల్లెమ్మా, నాకు మూడేళ్ల కిందట అయింది, నాదీ పొట్ట కోసిందే. ఒక్క మాట ముందు చెబుతాను. ఆపరేషన్ అంటే ఆ రెండు గంటలు కాదు. అదంతా మత్తులో పోతుంది, నీకేం తెలీదు. అసలు ఆపరేషన్ ఇంటికొచ్చాక ఆరు వారాలు. దానికి సిద్ధం చేయాల్సింది ఒంటిని ఎంతో, ఇంటిని అంత.

ముందు రక్తం సంగతి. ఐరన్ బిళ్ళలు ఇచ్చే ఉంటారు. అవి పరగడుపున నిమ్మకాయ నీళ్లతో వేసుకో. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ళ రెండు గంటలు ఎడంగా ఉండాలి. నేను నెల రోజులు ఐరన్ బిళ్ళ టీతో మింగాను. ఒక్క పాయింటు కూడా పెరగలేదు, నన్ను తిట్టారు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకు. మూడు వారాల్లో బిళ్ళలతో పెద్దగా పెరగదని అనిపిస్తే నరానికి ఐరన్ ఎక్కిస్తారు, "సెలైన్‌లో ఐరన్ పెడతారా" అని నువ్వే అడుగు. ఈలోగా మళ్లీ డేట్ వస్తే పెరిగిందంతా పోతుంది. కాబట్టి రక్తం ఆగే బిళ్ళలు ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకో.

ఇంట్లో చూసుకోవాల్సింది మంచం. కింద చాప మీద పడుకునే అలవాటు ఉంటే మానాలి, నేల మీద నుంచి లేవడం ఆ పది రోజులు నరకం. గొంతుక్కూర్చునే దొడ్డి అయితే నాలుగు కాళ్ల కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చుకోండి, మందుల షాపులవాళ్లు కొన్నిచోట్ల అద్దెకిస్తారు. ఉప్పు, కారం, పోపుల డబ్బా, గిన్నెలు అన్నీ నడుము ఎత్తుకి దించి పెట్టుకో. అటక మీదవీ, గట్టు కింద అరలోవీ నీవి కావనుకో.

ఇంకోటి ఎవరూ చెప్పరు. లంగా నాడా సరిగ్గా కోత మీద పడుతుంది. నేను చీర కట్టుకునే ఆసుపత్రి నుంచి బయల్దేరాను. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా నాడా ఒరుసుకుని ప్రాణం పోయింది. రెండు మూడు వదులు నైటీలు, ముందు గుండీలవి, నీ చేత్తోనే కుట్టుకో. మిషన్ ఉంది కదా.

బరువుల సంగతి. ఆరు వారాలు నాలుగు కిలోలు మించి ఎత్తొద్దు. నిండు బిందె అంటే పన్నెండు పదిహేను కిలోలు, నిండు సిలిండర్ అయితే ముప్పై. నీళ్లు చెంబుతో తోడుకోవడమే. పాపకి ఇప్పట్నుంచే అలవాటు చెయ్యి. రోజూ పొద్దున బిందె దింపేది ఎవరో ఇప్పుడే తేల్చుకో, లేకపోతే ఎనిమిదో రోజున "ఎవరూ లేరు కదా" అని నువ్వే ఎత్తుతావు. నేనూ అలాగే ఎత్తాను.

జవాబు: కడప అక్క

నా మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ మరీ చీటికీ మాటికీ అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు చొప్పున ఉంటే, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైగా ఉన్నారు. మా చెల్లెలికి 32 ఏళ్లకే తీసేశారు. కారణం తెల్లబట్ట, నడుంనొప్పి. "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక సంచి ఎందుకు అని ఇంట్లోవాళ్లూ తలూపారు. అండాశయాలు కూడా తీసేశారని మాకు తెలిసింది ఏడాది తర్వాత, ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేక కీళ్లు పట్టేసి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే. ఇలా అక్కర్లేని ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం పెట్టిన మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

మీది అలాంటి కేసు అనను. 8 సెంటీమీటర్ల గడ్డ, 7.8 రక్తం, ఏడాది మందులు, ఇవి నిజమైన కారణాలే. అయినా రెండు విషయాలు అడగండి. ఒకటి, గర్భసంచి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపారా, పాప్ పరీక్ష (గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ లక్షణాలు చూసేది) చేశారా? నలభై దాటి ఇంత బ్లీడింగ్ ఉన్నప్పుడు అది ముందే చూడాలి, ఎందుకంటే అందులో ఏదైనా తేలితే చేసే ఆపరేషనే మారిపోతుంది. రెండు, గడ్డలు మాత్రమే తీయడం, హార్మోన్ లూప్ (సంచి లోపల పెట్టి బ్లీడింగ్ తగ్గించేది) వేయడం నాకు కుదురుతాయా? కుదరవంటే ఎందుకో చెప్పమనండి. అడిగితే ఎవరూ కొట్టరు.

అండాశయాల గురించి: అవి బాగుంటే 44 ఏళ్లకు ఉంచమనే అడగండి. తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగినట్టు అవుతుంది, ఎముకలు గుల్లబారతాయి. తీయక తప్పని పరిస్థితి ఉంటే హార్మోన్ మందుల గురించి ముందే మాట్లాడుకోవాలి. ట్యూబులు, అంటే అండం సంచిలోకి వచ్చే గొట్టాలు, తీసేస్తామంటే ఒప్పుకోవచ్చు. వాటివల్ల హార్మోన్లు పోవు, తర్వాత అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా కొంత తగ్గుతుంది. సంతకం పెట్టే కాగితం మీద ఏమేం తీస్తారో రాసి ఉంటుంది, పాప చేత చదివించుకుని పెట్టండి.

అడిగినవారు

అక్కా, బయాప్సీ తీశారు, రిపోర్టు మంచిగానే ఉంది. లూప్ సంగతి ఇవాళ ఫోన్ చేసి అడిగాను. గడ్డలు సంచి లోపలికి ఉబికి ఉన్నాయి, లూప్ నిలవదు అన్నారు. అండాశయాలు బాగుంటే ఉంచుతారట. ఇంకో చిన్న సందేహం, నవ్వకండి. మెట్టెలు, సూత్రాలు తీయాలా? అత్తగారు దానికే సగం జ్వరం తెచ్చుకున్నారు.

జవాబు: వరంగల్ సిస్టరమ్మ (రిటైర్డ్)

నవ్వుడెందుకు బిడ్డా, వార్డుల రోజూ ఇదే పంచాయితీ. తియ్యాలె. లోపల రక్తం ఆపనీకి కరెంటు మిషన్ వాడ్తరు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంటది. సూత్రాలు తీసి పసుపు కొమ్ము దారానికి కట్టుకొని పోతరు చానమంది, అది మేము ఏమనం. మెట్టెలు ఆ రోజు పొద్దుగాల గుంజితే రావు, కాళ్లు ఉబ్బి ఉంటయ్. వారం ముందే సబ్బునీళ్లు పెట్టి తీసిపెట్టుకో. గోళ్లరంగు, గోరింటాకు వద్దు, ఏలుకు పెట్టే క్లిప్పు సరిగ్గ చూపియ్యదు. ఇంట్ల బ్లేడుతోని గీసుకోకు, సన్న గాట్లు పడి చీము పడ్తది. అక్కడ అవసరముంటే వాళ్లే కత్తిరిస్తరు.

మందులన్నీ ఒక చీటీ మీద రాసుకొని మత్తు డాక్టరుకు చూపియ్. బీపీ, షుగరు, థైరాయిడ్, రక్తం పల్చబడే బిళ్ళలు, నాటు మందులు గూడ. ఏది మింగాలె, ఏది ఆపాలె అనేది ఆయనే చెప్తడు. పక్కింటోళ్ల మాట ఇనకు. తిండి ఆరు గంటల ముందు బంద్, ఉత్త నీళ్లు చానచోట్ల రెండు గంటల ముందుదాక తాగనిస్తరు, మీ దవాఖాన్ల ఏం చెప్తే అదే. మూడు బంతుల ఊపిరి డబ్బా కొనుక్కొని ఇప్పటి సంది గుంజుడు మొదలుపెట్టు. తర్వాత కోత నొప్పికి ఊపిరి పైపైన పీలుస్తరు, కఫం పట్టి జ్వరమొస్తది.

ఆపరేషన్ మర్నాడు లేపి నడిపిస్తరు. "ఇప్పుడే నడవాల్నా" అని ఏడ్వకు. పండుకొనే ఉంటే పిక్కలల్ల రక్తం గడ్డ కడ్తది. లేసేటప్పుడు నిటారుగ లేవకు. మోకాళ్లు ముడిచి పక్కకు ఒత్తిగిల్లి, కాళ్లు మంచం కిందికి దించి, మోచేయి ఆనిచ్చి లేవాలె. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకు అదుముకో. పాపతోని ఇప్పుడే రెండుసార్లు ప్రాక్టీసు చెయ్.

జవాబు: తెనాలి అత్తమ్మ

పథ్యం ఊరికే పెట్టలేదమ్మా పెద్దవాళ్లు. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. మా కాలంలో నెల రోజులు కారప్పొడి, నెయ్యి, పాత బియ్యం అన్నం, అంతే. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం.

జవాబు: వరంగల్ సిస్టరమ్మ

అమ్మా, దూది పెట్టుకోనియ్, నష్టం లేదు. పప్పు మాత్రం మాన్పియ్యకుండ్రి. పప్పుతోని చీము పట్టదు. క్రిములు చేరితే, షుగరు పెరిగితే, తడి నిలిస్తే పడ్తది. కోత మానాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, చాప తినాలె. ఒట్టి కారప్పొడి అన్నం తిని మలబద్ధకం తెచ్చుకొని, ముక్కి ముక్కి కుట్లు గుంజుకున్నోళ్లను నేను చూసిన. పెసరపప్పు కట్టు, ఆకుకూర, బొప్పాయి, మంచిగ నీళ్లు. గ్యాస్ ఉంటే శనగపప్పు నాల్గు దినాలు ఆపుండ్రి, చాలు.

అడిగినవారు

అత్తగారికి ఈ రెండు జవాబులూ చదివి వినిపించాను. పెసరపప్పుకి ఒప్పుకున్నారు. వంకాయకి ఒప్పుకోలేదు. వంకాయ లేకపోతే నేనేం చావను, వదిలేశాను.

జవాబు: నిజామాబాద్ నుంచి, ఒక భర్త

మా ఆవిడకి చిన్న రంధ్రాలతో చేశారు. రెండో రోజు భుజం నొప్పి అంటే గుండె అనుకుని కంగారు పడ్డాను. లోపల నింపిన గ్యాస్ వల్ల అట, రెండు రోజుల్లో పోయింది. మీకు కోత కాబట్టి ఆ బాధ ఉండదు. నేను చెప్పేది మీ ఆయనకి. మొదటి పది రోజులు బండి ఆపి ఇంట్లో ఉండమనండి. ఆరేడు వారాలు, డాక్టర్ చూసి సరే అనేదాకా, కలయిక వద్దు. లోపల సంచి తీసిన చోట వేసిన కుట్లు విడిపోవచ్చు. ఇది ఆడవాళ్లు ఇంట్లో చెప్పలేక ఊరుకుంటారు, అందుకే నేను రాస్తున్నాను. తర్వాత జీవితం ఏమీ మారలేదు. "లోపల ఖాళీ అయిపోయింది" అని ఆమె ఒకటి రెండుసార్లు ఏడ్చింది. పక్కన కూర్చున్నాను, సలహాలేం ఇవ్వలేదు.

అడిగినవారు (ఆపరేషన్ అయిన పదమూడో రోజు)

ఆపరేషన్‌కి ముందు హిమోగ్లోబిన్ 10.2 కి వచ్చింది, ఐరన్ నరానికే ఎక్కించారు. ఆపరేషన్ బాగా జరిగింది, అండాశయాలు ఉంచారు, నాలుగో రోజు పంపేశారు, కుట్లు తీశారు. అంతా బాగుందనుకుంటే ఇవాళ పొద్దున ఉన్నట్టుండి ఎర్రగా కనిపించింది. భయంగా ఉంది. బిందె ఎత్తలేదు, ఒట్టు.

జవాబు: వరంగల్ సిస్టరమ్మ

ఎంతవడ్డది? ప్యాడుకు మరకలా, తడిసిపోయిందా? పది పదిహేను దినాల నడుమ లోపలి కుట్లు కరిగేటప్పుడు కొంచెం కనవడ్తది, చానమందికి అయితది. అయినా ఇయ్యాలనే మీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పు. గంటకో ప్యాడు తడిసినా, వాసనొచ్చినా, 100.4 దాటి జ్వరమొచ్చినా, ఉచ్చ రాకపోయినా, ఆగకుండ కారుతున్నా ఫోను గీను అనకుండ దవాఖానకు పో. ఒక్క పిక్క వాచి నొప్పున్నా, ఛాతి పట్టి ఆయాసమొచ్చినా రాత్రని చూడకుండ 108 పిలువు.

అడిగినవారు

మరకలే సిస్టరమ్మా. ఫోన్ చేశాను, రమ్మన్నారు, చూశారు, పర్వాలేదన్నారు. సాయంత్రానికి తగ్గింది.

జవాబు: గుంటూరు నుంచి

తీసిన సంచిని పరీక్షకి పంపి ఉంటారు, ఆ రిపోర్టు అడిగి తెచ్చుకుని దాచిపెట్టు. చాలామంది దాన్ని అక్కడే వదిలేస్తారు. గర్భాశయ ముఖద్వారం కూడా తీశారా, ఉంచారా అన్నది అందులో ఉంటుంది. ఉంచితే పాప్ పరీక్షలు మానకూడదు.

అడిగినవారు (ఏడో వారం)

నిన్న చూపించుకున్నాను. రిపోర్టులో మామూలు కణితులే, ముఖద్వారం కూడా తీశారు. మూత్రం పట్టి ఉంచే కండరాల వ్యాయామం రోజుకు మూడుసార్లు చేయమన్నారు. మిషన్ తొక్కొచ్చన్నారు, కానీ మొదట పావుగంట. అరగంట తొక్కేసరికి పొత్తికడుపు లాగింది, మధ్యలో వదిలేశాను. మిషన్‌కి మోటారు బిగించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎంతవుతుంది, పాత కాలు మిషన్‌కి సరిపోతుందా? పండక్కి తొమ్మిది జాకెట్లు ఒప్పుకుని ఉన్నాను.