3/32 అంగుళాల రివెట్లు పక్కకి వాలుతున్నాయి, విప్పాలా?

పర్లాకిమిడి_షెడ్డు:
అందరికీ నమస్కారం. రిటైరయ్యాక అల్యూమినియం కిట్ విమానం మొదలుపెట్టాను, తోక భాగం నడుస్తోంది. కొన్ని రివెట్ల షాప్ హెడ్ (కొట్టాక అవతలివైపు ఏర్పడే తల) పక్కకి వాలింది. అన్నీ తీసి మళ్లీ కొట్టాలా? ఈ వానలకి షెడ్డు గోడలు చెమ్మెక్కాయి. రేకుల మీది నీలం ఫిల్మ్ అలాగే ఉంచితే మంచిదేనా?

బరంపురం_రివెట్:
తొందరపడి తీయకండి సార్, ముందు కొలవండి. 3/32 అంటే కాడ మందం 2.4 మి.మీ. షాప్ హెడ్ వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3.6 ఉండాలి, ఎత్తు సగం, 1.2. కొలత సరిపోయి, రంధ్రం పూర్తిగా కప్పి, అంచుల్లో చీలిక లేకపోతే కాస్త వాలినా వదిలేయండి. తీయబోతే రంధ్రం పెద్దదై అసలుకే నష్టం.

వాలడానికి మొదటి కారణం పొడవు. కొట్టకముందు కాడ రేకు అవతలికి 3.6 మి.మీ. వస్తే చాలు, ఎక్కువైతే ఒరుగుతుంది. రెండోది, బకింగ్ బార్ (కాడ చివర ఆనించే ఇనుప దిమ్మ) చదునుగా ఆనకపోవడం. రేకుల మధ్య సందున్నా రివెట్ అందులోకి ఉబ్బుతుంది, అందుకే పక్క రంధ్రాల్లో క్లెకోలు (రేకుల్ని తాత్కాలికంగా బిగించే క్లిప్పులు) ఉంచే కొట్టాలి. రివెట్ గన్‌కి గాలి బాగా తగ్గించి చాలాసేపు కొడితే లోహం గట్టిపడి అంచులు చీలుతాయి. రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి.

తీయక తప్పనివాటికి: రివెట్‌కి ముందే ఉన్న తల నడిమధ్య పంచ్‌తో చుక్క పెట్టి, నంబర్ 40 డ్రిల్‌తో తల మందం వరకే దింపండి. పిన్ పంచ్‌తో తల విరిచి, కాడ పక్కన రేకు వెనక దన్ను పెట్టి కాడని బయటికి కొట్టండి. రంధ్రం సాగితే 1/8 అంగుళం రివెట్ వేయొచ్చు, కానీ రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకి ఆ కొత్త కాడకి రెండు రెట్లు దూరం ఉండాలి.

ఇచ్ఛాపురం_ప్రైమర్:
ఫిల్మ్ తీసేయండి సార్. దాని కింద చెమ్మ నిలిచి తెల్లమచ్చలు పడతాయి. స్టీల్ ఊల్ అసలు వాడొద్దు, ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి అక్కడే తుప్పు మొదలవుతుంది. మెరూన్ స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదలాలి, లైనుకి వాటర్ ట్రాప్ తప్పనిసరి.

పర్లాకిమిడి_షెడ్డు:
పెన్సిల్‌తో గీసిన గుర్తులున్నాయి. పరవాలేదా?

ఇచ్ఛాపురం_ప్రైమర్:
గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది. అసిటోన్‌తో పూర్తిగా తుడిచేయండి, ఇకమీదట మార్కర్ వాడండి.

బరంపురం_రివెట్:
ఇంకో మాట. పైన కప్పే రేకు (స్కిన్) మూసేముందు లోపలి ప్రతి వరసకీ దగ్గరగా ఫోటో తీసి, తేదీతో లాగ్ పుస్తకంలో పెట్టండి. మూశాక తనిఖీకి వచ్చినవారికి లోపల కనపడదు. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) వారితో ఇంకా మాట్లాడకపోతే రెక్కల కిట్‌కి డబ్బు కట్టకముందే మాట్లాడండి. పైలట్ లైసెన్సుకి కావాల్సిన క్లాస్ 2 మెడికల్ పరీక్ష కూడా ఇప్పుడే చేయించుకోండి సార్.