నాన్నకి ఊపిరితిత్తి ఆపరేషన్ అయింది. కీమో లాభం 2 శాతమా, 5 శాతమా, 15 శాతమా?

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్నకి 66 ఏళ్లు. తెనాలిలో 40 ఏళ్లుగా దర్జీ పని చేస్తున్నాడు. ఐదు వారాల క్రితం విజయవాడలో కుడి ఊపిరితిత్తి పై భాగం తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ఎడినోకార్సినోమా అని ఉంది, ఊపిరితిత్తి క్యాన్సర్‌లో అదో రకమట. గడ్డ 3.8 సెంటీమీటర్లు, అంచులు క్లియర్. ఊపిరితిత్తి మొదట్లో ఉండే లింఫ్ గ్రంథుల్లో రెండింటికి పాకింది కానీ, ఛాతీ మధ్యలో ఉన్నవాటిలో ఏమీ లేదు. స్టేజీ 2బీ.

సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ కలిపి 21 రోజులకోసారి, మొత్తం 4 సార్లు ఇవ్వాలన్నారు డాక్టరు గారు. లాభం ఎంత అని అడిగితే "సుమారు 5 శాతం" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న కీమో ఊసే ఎత్తనివ్వడం లేదు. డల్లాస్‌లో ఉన్న మా బావ ఏదో రీసెర్చ్ పేపరు పంపి 15 శాతం అంటున్నాడు. పిన్ని వాట్సాప్‌లో పంపినదాంట్లో కీమో వల్ల ఉపయోగం 2 శాతమే అని ఉంది. రెండో అభిప్రాయానికి ఇంకో ఆసుపత్రికి వెళ్తే, ఛాతీకి 25 రోజులు రేడియేషన్ కూడా పెట్టించుకోండి, ఎందుకైనా మంచిది అన్నారు. ఎందుకు మంచిదో అడిగేలోపే ఫైలు చేతిలో పెట్టేశారు.

కీమోతో వేళ్లు తిమ్మిరెక్కొచ్చని కూడా చెప్పారు. నిన్న రాత్రి నేను లేచి చూస్తే నాన్న మిషను దగ్గర లైటు వేసుకుని, సూదిలో దారం ఎక్కించి, లాగేసి, మళ్లీ ఎక్కించి చూసుకుంటున్నాడు. "వేళ్లకి గుడ్డ తెలీకపోతే కాజా ఎలా కుట్టనే?" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఈ మూడు అంకెల్లో ఏది నమ్మాలి?

హనుమకొండ మాస్టారు:

అమ్మా, నేను డాక్టరుని కాను. డిగ్రీ కాలేజీలో 31 ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడకి 2017లో ఇదే ఆపరేషన్, ఇదే స్టేజీ. అప్పుడు నేనూ ఈ అంకెల మధ్యే నలిగిపోయాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2 శాతం అన్నది 2004లో ఆస్ట్రేలియా డాక్టర్లు రాసిన వ్యాసంలోది. అంకె అబద్ధం కాదు, కానీ మీ ప్రశ్నకి అది జవాబు కాదు. పెద్దవాళ్లకి వచ్చే 22 రకాల క్యాన్సర్లు తీసుకుని, జబ్బు వచ్చిన వాళ్లందరినీ కలిపేసి, కీమో వల్ల 5 ఏళ్లు దాటినవాళ్లు ఎంత శాతం అని లెక్కకట్టారు. ఆపరేషన్‌తోనే నయమై, కీమో అవసరమే పడనివాళ్లు కూడా ఆ లెక్కలో కింద హారంలో ఉన్నారు. ఊళ్లో అందరినీ నిలబెట్టి కళ్లజోడు వల్ల ఎంతమందికి చూపు బాగుపడిందని లెక్కేస్తే చిన్న అంకే వస్తుంది. చూపు ఆననివాడికి ఆ అంకెతో పనేముంది?

మీ బావ పంపింది జేబీఆర్ 10 అనే ట్రయల్ అయి ఉండాలి. 2005లో వచ్చింది, కెనడా, అమెరికా వాళ్లు చేశారు. 5 ఏళ్లకి కీమో తీసుకున్నవాళ్లలో 69 శాతం, తీసుకోనివాళ్లలో 54 శాతం బతికి ఉన్నారు. తేడా 15. అదీ నిజమే. కానీ అందులో ఉన్నది 482 మంది. మంది తక్కువైన కొద్దీ అంకెలో అదృష్టం పాలు ఎక్కువ. దానికి ముందు ఏడాది 1867 మందితో వచ్చిన ఐఏఎల్‌టీ అనే ట్రయల్‌లో అవే రెండు అంకెలు 44.5, 40.4. తేడా 4 మాత్రమే. పైగా మరికొన్నేళ్లు గమనిస్తే ఆ తేడా ఇంకా పలచబడింది.

డాక్టరు గారు చెప్పిన 5 శాతం ఇలాంటి 5 ట్రయల్స్‌లోని 4584 మందిని, ఒక్కొక్కరి వివరాలతో సహా ఒకచోట చేర్చి 2008లో కట్టిన లెక్క. అసలు అంకె 5.4, అంటే 5 ఏళ్లకి బతికి ఉన్నవాళ్లు కీమో వైపు వందకి 5.4 మంది ఎక్కువ. నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. అయితే అది అన్ని స్టేజీల సగటు. అందులో గ్రంథులకి పాకని చిన్న గడ్డలవాళ్లకి, అంటే 1ఏ వాళ్లకి, కీమో కీడు వైపే మొగ్గింది. 2, 3 స్టేజీల్లో మాత్రం చనిపోయే ప్రమాదం 17 శాతం తగ్గింది. ఈ 17ని వందలో 17 మంది అనుకోకండి. కీమో లేకుండా 5 ఏళ్లలో వందలో 50 మంది పోతారనుకుంటే, కీమోతో ఆ 50 సుమారు 44 అవుతుంది. మీ నాన్నగారిలాంటివాళ్లు ఉన్న వరస అది, సగటు కంటే కాస్త మెరుగు.

అదే లెక్కలో ఇంకో రెండు విషయాలున్నాయి. కీమో వల్లనే ప్రాణం పోయినవాళ్లు వందకి దాదాపు ఒకరు. ముందే నీరసించి, పగలు చాలాసేపు పడుకుని ఉండేవాళ్లకి మేలు కనిపించలేదు. కాబట్టి శాతాల కంటే ముందు మీ నాన్నగారు మేడమెట్లు ఎక్కగలుగుతున్నారా, అన్నం సరిగ్గా తింటున్నారా అన్నది చూడండి.

గడ్డ ముక్క మీద ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు టెస్టు చేయించారా? ఆ జన్యువులో మార్పు ఉంటే ఆసిమెర్టినిబ్ అనే మాత్ర 3 ఏళ్లు ఇస్తారు. అడౌరా అనే ట్రయల్‌లో 682 మంది ఉన్నారు. 5 ఏళ్లకి మాత్ర వేసుకున్నవాళ్లలో 88 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 78 శాతం బతికి ఉన్నారు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ రెండోవాళ్లందరికీ అసలు మందు అందలేదు. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

మా ఆవిడ 4 అనుకుని 3 తీసుకుంది. సిస్‌ప్లాటిన్ చెవుల మీద పడింది. వాషింగ్ మెషీన్ ఆగేటప్పుడు వచ్చే సన్నటి బీప్ ఇప్పుడు తనకి వినపడదు, మిగతావన్నీ వినపడతాయి. కీమో వల్ల మిగిలిన మనిషో, ఆపరేషన్‌తోనే మిగిలిన మనిషో నాకు ఎప్పటికీ తెలీదు. ఉంది, అంతే చాలు నాకు.

హైదరాబాద్ ఫిజిసిస్ట్:

రేడియేషన్ గురించి నేను చెప్తానండి, నా ఉద్యోగం ఆ విభాగంలోనే. ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత ఛాతీకి రేడియేషన్ మీద 1998లో 9 ట్రయల్స్, 2128 మందిని కలిపి చూశారు. 2 ఏళ్లకి బతికి ఉన్నవాళ్లు 55 శాతం నుంచి 48కి పడిపోయారు, అంటే నష్టమే జరిగింది. ఛాతీ మధ్య గ్రంథులకి పాకనివాళ్లలో ఆ నష్టం స్పష్టంగా కనిపించింది. అప్పట్లో చాలాచోట్ల కోబాల్ట్ మెషీన్లు, గుండెకి కూడా డోసు తగిలేది. ఇప్పటి మెషీన్లతో బాగుంటుందేమోనని, మధ్య గ్రంథులకి పాకిన 501 మంది మీద లంగ్ ఆర్ట్ అనే ట్రయల్ చేశారు. 3 ఏళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు రేడియేషన్‌తో 47 శాతం, లేకుండా 44 శాతం. నమ్మదగిన తేడా కాదు, పైగా గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులు పెరిగాయి. మీ నాన్నగారికి మధ్య గ్రంథులు, అంచులు రెండూ క్లియర్. రేడియేషన్ ఏ ఆధారంతో చెప్పారో రాసివ్వమని అడగండి.

తెనాలి అమ్మాయి:

మాస్టారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. 50, 44 దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకున్నాడు. మెట్లు ఎక్కుతున్నాడు, మధ్యలో ఒక్కసారి ఆగుతాడు. ఈజీఎఫ్ఆర్‌కి గడ్డ ముక్క ఉన్న బ్లాక్ పంపాం. ఇంకొక్క సందేహం. సిస్ బదులు కార్బోప్లాటిన్ ఇస్తే వేళ్లు బాగుంటాయి కదా?

హనుమకొండ మాస్టారు:

కార్బోకి మీ నాన్నగారి స్టేజీలో సిస్ అంత ఆధారం లేదమ్మా. కార్బో, పాక్లిటాక్సెల్‌తో 344 మంది 1బీ వాళ్ల మీద, అంటే గ్రంథులకి పాకని కాస్త పెద్ద గడ్డలవాళ్ల మీద, ఒక ట్రయల్ చేశారు. 2004లో ఫలితం చాలా బాగుందని ముందే ఆపేశారు. 2008కి అందరినీ చివరిదాకా గమనించి చూస్తే ఆ తేడా నిలబడలేదు, 4 సెంటీమీటర్లు, ఆపై గడ్డలున్నవాళ్లలో మాత్రం కొంత కనిపించింది. ముందే ఆపిన ట్రయల్ అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి. నేను క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన ఉదాహరణ అది. పాక్లిటాక్సెల్ కూడా వేళ్లని వదలదు. కిడ్నీలు గానీ, చెవులు గానీ సిస్‌కి ఒప్పుకోకపోతే కార్బోకి మారుస్తారు, అది వేరే సంగతి.

డే కేర్ నర్స్, రాజమండ్రి:

అక్కా, నాన్నగారి పని ఏంటో డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి. ఫైల్లో వయసు రాస్తారు కానీ వృత్తి చాలాసార్లు రాయరు. సిస్‌ప్లాటిన్ తిమ్మిరి మొత్తం డోసు ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 300 మిల్లీగ్రాములు దాటే దగ్గర ఎక్కువగా మొదలవుతుంది. మామూలుగా ఒక్కోసారికి 75 ఇస్తారు, నాలుగుసార్లకి సరిగ్గా 300. మందు ఆపాక కూడా కొన్ని నెలలు పెరగొచ్చు, అందుకే ముందే కనిపెట్టాలి. ప్రతి సైకిల్‌కి ముందు కళ్లు మూసుకుని చొక్కా గుండీలు పెట్టుకోమనండి. తడబడితే మూడో సైకిల్ దగ్గరే చెప్పేయండి. మొదలుపెట్టేముందు చెవులకి ఆడియోగ్రామ్, కిడ్నీలకి క్రియాటినిన్ టెస్టు చేయించండి. పెమెట్రెక్సెడ్‌కి వారం ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర, బీ12 ఇంజెక్షన్ ఉండాలి, మర్చిపోతే రక్తకణాలు బాగా పడిపోతాయి. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి రండి, ఇంట్లో డోలో వేసి తెల్లారేదాకా ఆగొద్దు.

తెనాలి అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఈజీఎఫ్ఆర్ పాజిటివ్, ఆ జన్యువులో ఎక్సాన్ 19 అనే భాగంలో మార్పు వచ్చింది. కీమో అయ్యాక మాత్ర గురించి మాట్లాడదామన్నారు. రేడియేషన్ వద్దని మా డాక్టరు గారు కూడా అన్నారు. వృత్తి దర్జీ అని ఫైలు మీద నా ముందే రాసుకున్నారు. వేళ్లు తడబడితే మూడు దగ్గరే ఆపుదామన్నారు. నాన్న ఒప్పుకున్నది ఆ మాటకే. బుధవారం మొదటిది. బీ12 అయింది, ఆడియోగ్రామ్ అయింది. ఇప్పుడు మిషను దగ్గరున్నాడు. డ్రిప్ పెట్టడానికి వీలుగా పొట్టి చేతుల చొక్కా కుట్టుకుంటున్నాడు. గుండీలు ఆరు. కాజాలన్నీ చేత్తోనే.